పిడికెడు బియ్యం... పుస్తకం నిండా వంటలు

మా నాయనమ్మకు ఒక అలవాటుండేది. రాత్రి వంటకు బియ్యం కొలిచి చేటలో పోశాక అందులోంచి ఒక పిడికెడు తీసి, పక్కనున్న చిన్న సత్తు డబ్బాలో వేసేది. ఇంట్లో బస్తాలకు బస్తాలు ధాన్యం ఉన్న రోజుల్లో కూడా ఆ పిడికెడు మానేది కాదు. "ఎందుకే నాయనమ్మా ఇది?" అని అడిగితే, "ఉండనీవే అమ్మాయ్, ఏ పొద్దు ఎలా ఉంటుందో" అనేది. మేం నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ కొత్త కాపురం రంగూన్‌లో. 1942లో యుద్ధం మీద పడితే చంటిపిల్లాడిని చంకన వేసుకుని, కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చిందట. "అట" అని ఎందుకంటున్నానంటే, అంతకుమించి మాకేమీ తెలియదు. దారిలో ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, పిల్లాడికి పాలెలా పట్టింది... మేమెవరం అడగలేదు. అడిగే తెలివి వచ్చేసరికి ఆవిడ లేదు. ఆ సత్తు డబ్బా మాత్రం మిగిలింది. అందులో ఇప్పుడు నేను గుండీలు దాచుకుంటున్నాను.

ఈమధ్య ఒక వంటల పుస్తకం గురించి తెలిసినప్పుడు నాకు ఆ డబ్బా గుర్తొచ్చింది. మనలాంటి ఆడవాళ్ళు రాసిన పుస్తకమే. కేకులు, పుడ్డింగులు, వేపుళ్ళు, తీపి పదార్థాలు... వెన్న ఇంత, గుడ్లు ఇన్ని, పంచదార ఇంత అని కొలతలతో సహా! కానీ ఆ వంటలు చెప్పినవాళ్ళ దగ్గర ఆ రోజున వెన్న లేదు. గుడ్డు లేదు. చాలామందికి అన్నం కూడా కడుపునిండా లేదు. వాళ్ళంతా జైల్లో ఉన్నారు.

నేరం లేని ఖైదు

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ సైన్యానికి లొంగిపోయింది. అప్పటిదాకా అది బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉన్న ఊరు. పెద్ద పెద్ద బంగళాలు, ఇంటినిండా నౌకర్లు, సాయంత్రమైతే క్లబ్బులు... పొయ్యి ఎలా రాజెయ్యాలో కూడా తెలుసుకోవాల్సిన అవసరం రాని దొరసానులు అక్కడ ఎంతోమంది. నెల తిరక్కుండా వాళ్ళంతా ఖైదీలైపోయారు.

వాళ్ళు చేసిన నేరమేమిటి? శత్రుదేశపు పౌరులు కావడమే! తుపాకీ పట్టిన సైనికుడు చిక్కితే యుద్ధఖైదీ అంటారు. వీళ్ళు సైనికులు కారు. టీచర్లు, నర్సులు, డాక్టర్లు, గృహిణులు, ముసలివాళ్ళు, పిల్లలు. విచారణ లేదు, శిక్షాకాలం లేదు. ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు. యుద్ధం వచ్చినప్పుడు ఇలా మామూలు జనాన్ని పట్టుకెళ్ళి కంచె వెనకాల ఉంచే చోటునే నిర్బంధ శిబిరం అంటారు.

మార్చి 8న ఆడవాళ్ళనూ పిల్లలనూ కటోంగ్ అనే చోటునుంచి చాంగీ జైలుకు నడిపించారు. ఏడెనిమిది మైళ్ళ దూరం. నెత్తిన ఎండ. ముసలివాళ్ళనీ, జబ్బుతో ఉన్నవాళ్ళనీ, చంటిపిల్లలనీ బండ్ల మీద తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు చేతికందిన మూటా ముల్లె పట్టుకుని నడిచారు. జైలు గేటు కనిపించగానే ఏడవకూడదనుకున్నారో ఏమో, పాట అందుకుని పాడుకుంటూ లోపలికి వెళ్ళారు.

సరిగ్గా అదే మార్చి 8న రంగూన్ కూడా జపాన్ సైన్యం చేతికి చిక్కింది. ఇక్కడ దొరసానులు జైలుకు నడుస్తున్న ఆ రోజుల్లోనే అక్కడ మన తెలుగువాళ్ళు, తమిళులు, ఒడియావాళ్ళు, బెంగాలీలు లక్షల్లో ఇంటిముఖం పట్టి నడుస్తున్నారు. వారిలో మా నాయనమ్మ కూడా ఒకతె.

చాంగీ జైలును కట్టింది 600 మంది ఖైదీల కోసం. అందులో రెండు వేలకు పైగా మగవాళ్ళనూ, సుమారు 400 మంది ఆడవాళ్ళనూ పిల్లలనూ కుక్కారు. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఒక్కరికోసం కట్టిన కొట్లో ఇద్దరు ముగ్గురు. మధ్యలో పడకకోసం ఒక సిమెంటు దిమ్మె. దానిమీద ఒకరు, దానికిరువైపులా నేలమీద ఒకొక్కరు. భార్య గోడకు ఇవతల, భర్త గోడకు అవతల. మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఒకే కప్పు కింద ఉన్నట్టే ఉండి, నెలల తరబడి ముఖం చూసుకోలేని కాపురాలు ఊహించండి!

మాటలతో విందు

ఆ ఆడవాళ్ళలో ఎథెల్ మల్వానీ ఒకతె. కెనడా ఆడపడుచు. బ్రిటిష్ సైన్యంలో డాక్టరైన భర్తతో మన దేశంలో కొన్నాళ్ళుండి సింగపూర్ వెళ్ళింది. క్యాంపులో ఆడవాళ్ళ తరఫున రెడ్‌క్రాస్ పనులు చూసేది. గట్టిగా మాట్లాడే మనిషి, ఊరికే కూర్చోలేని మనిషి. జపాన్ అధికారులతో మాట్లాడి బయటికెళ్ళి సరుకులు కొనుక్కొచ్చేందుకు అనుమతి కూడా సంపాదించింది.

అయినా తెచ్చింది ఎంతమందికని సరిపోతుంది? రోజూ అన్నం, అదీ పురుగులు ఏరుకుని తినాల్సిన బియ్యం. నాలుగు ఆకులు వేసిన నీళ్ళచారు. జైలు ఆవరణలో వాళ్ళే పాదులు తీసి పెంచుకున్న ఆకుకూరలు, చిలగడదుంప ఆకులు. పోనుపోను ఆ రేషన్ కూడా తగ్గుతూ వచ్చింది. ఒళ్ళు సగమైపోయింది. ఆకలి ఎంత పాడుదంటే, ఏ మాట మొదలుపెట్టినా అది తిండి దగ్గరికే వచ్చి ఆగేది.

మనమైతే ఏం చేస్తాం? "ఆ మాటెత్తకండమ్మా, ఇంకా ఆకలేస్తుంది" అంటాం. ఎథెల్ అలా అనలేదు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "ఇవాళ మా ఇంట్లో విందు. ఏం వండమంటారు?" అన్న ధోరణిలో మొదలుపెట్టింది. ఒకామె మాంసం కూర చెబితే, రెండో ఆమె దానికి తోడు ఏది బావుంటుందో చెప్పేది. ఇంకొకామె మా అమ్మ చేసే కేకు అంటూ అందుకునేది. ఎంత పిండి, ఎంతసేపు కలపాలి, పొయ్యిలో ఎంతసేపుంచాలి... ఒకరు తప్పు చెబితే ఇంకొకరు దిద్దడం, "మా ఊళ్ళో అలా చెయ్యరు" అని వాదన! మనం పెళ్ళి పందిట్లో కూరగాయలు తరుగుతూ మాట్లాడుకుంటామే, అచ్చం అలాగే. అలా గంటసేపు మాట్లాడుకుంటే నిజంగానే ఏదో తిన్నట్టుండేదని ఆవిడ తర్వాతి రోజుల్లో చెప్పింది.

ఈ మాటలు గాలికి పోనియ్యకుండా ఎథెల్ రాసిపెట్టింది. కాగితం కూడా కరువే. దొరికిన కాగితం ముక్క మీదల్లా రాసి, చివరికి లెక్కల పుస్తకాల్లోకి ఎక్కించింది. కూడికలూ తీసివేతలూ ఉండాల్సిన చిట్టాపుస్తకంలో పుడ్డింగులూ కేకులూ!

ఒక్క చాంగీలోనే ఇలా జరిగిందనుకోకండి. అదే కాలంలో యూరప్‌లో నాజీలు యూదులను బంధించిన తెరెజిన్ శిబిరంలోనూ కొందరు ఆడవాళ్ళు తమ వంటలు రాసుకున్నారు. కాగితాలను చేత్తో కుట్టి పుస్తకం చేశారు. అందులో కొన్ని వంటలకు ఒకటో రెండో దినుసులు తప్పిపోయాయి. ఆకలితో జ్ఞాపకం కూడా సడలిపోతుంది మరి! మీనా పాక్టర్ అనే ఆమె 1944లో అక్కడే కన్నుమూసే ముందు ఆ కట్టను ఒక స్నేహితుడి చేతికిచ్చి, ఎలాగైనా తన కూతురికి చేర్చమంది. అది చేతులు మారి మారి పాతికేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో ఉన్న కూతురిని చేరింది. తల్లి చేతిరాత చూసి ఆ కూతురు ఆ కట్టను విప్పడానికే చాలాకాలం భయపడిందట. 1996లో అది పుస్తకంగా వచ్చింది.

తల్లికి ఇవ్వడానికి ఇంకేమీ మిగలనప్పుడు వంటైనా ఇవ్వాలనుకుంది. ఈ సంగతి మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు కదా!

ఇరవై మంది పసివాళ్ళు

చాంగీలో ఉన్న మరో ఆణిముత్యం డాక్టర్ సిసిలీ విలియమ్స్. జమైకాలో పుట్టిన ఈవిడ పిల్లల వైద్యురాలు. ఆఫ్రికాలోని ఘనాలో పనిచేసేటప్పుడు, పొట్ట ఉబ్బి, కాళ్ళు వాచి, జుట్టు రంగు మారి చనిపోతున్న పసివాళ్ళను చూసి, ఇది అంటురోగం కాదు, మాంసకృత్తులు లేని తిండివల్ల వచ్చేదని 1930లలో తేల్చి చెప్పింది. క్వాషియోర్కర్ అనే ఆ జబ్బు పేరు అక్కడి తల్లుల మాటే. చంటిపిల్ల తల్లికి మళ్ళీ కాన్పయితే, పాలు మానిపించిన పెద్దపిల్లకు వచ్చే జబ్బని దాని అర్థం. డాక్టర్లకన్నా ముందు దాన్ని కనిపెట్టింది తల్లులేనన్నమాట! మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ తదితరులు తర్వాత ఎన్నో ఏళ్ళు పరిశోధన చేసింది ఈ జబ్బు మీదే.

సింగపూర్ వచ్చాక ఈవిడ ఇంకో యుద్ధం మొదలుపెట్టింది. అక్కడ కంపెనీలు డబ్బాలో తియ్యటి చిక్కపాలను పసిపిల్లలకు మంచివని అమ్ముతుంటే, 1939లో పెద్దమనుషుల సభలో నిలబడి ఇది హత్యతో సమానమని కడిగేసింది.

అలాంటి డాక్టరు చాంగీ జైల్లో తల్లుల మధ్య ఉంది. నిర్బంధ కాలంలో ఆ క్యాంపులో 20 మంది పిల్లలు పుట్టారు. డబ్బాపాలు లేవు, సీసాలు లేవు, మరగబెట్టుకునే వసతి లేదు. తల్లులేమో తామే అర్ధాకలితో ఉన్నవాళ్ళు. సిసిలీ వాళ్ళను పట్టుబట్టి తల్లిపాలే ఇప్పించింది. 20 మందీ తల్లిపాలు తాగారు. 20 మందీ బతికారు! "నాకు పాలు చాలవేమోనండీ" అని కంగారుపడే కొత్త తల్లులకు ఇంతకన్నా ధైర్యం చెప్పే మాట ఉంటుందా?

పెద్దవాళ్ళకు మాత్రం బెరిబెరి తప్పలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, నడవలేకపోవడం... ఇది తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తప్ప ఇంకేమీ తినని వాళ్ళకు వచ్చే జబ్బు. బి1 విటమిన్ ఉండేది బియ్యం పైపొరలోనూ మొలకలోనూ. పాలిష్‌తో అది తవుడులోకి పోతుంది. ఈ జబ్బు మనకూ కొత్తేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి బాగా ఉండేది. పక్కనున్న తమిళ జిల్లాల్లో తక్కువ. కారణమేమిటంటే వాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం, మనం తినేది మరపట్టిన పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యంలో ఉడకబెట్టినప్పుడే ఆ విటమిన్ గింజలోపలికి దిగిపోతుంది. అందుకే, ఇంట్లో దంపుడు బియ్యం వాడకపోయినా, బియ్యాన్ని పదిసార్లు పిసికి పిసికి కడగకండి. గంజి వారిస్తే పారబొయ్యకండి.

అతుకుల బొంతలు

తిండి తర్వాత ఆ ఆడవాళ్ళను కాల్చుకు తిన్నది ఒకటే దిగులు. గోడకు అవతల ఆయన ఉన్నాడో లేడో? ఆస్పత్రిలో ఉన్నాడేమో? నేను బతికే ఉన్నానని ఆయనకెలా తెలుస్తుంది?

ఉత్తరం పంపడానికి వీల్లేదు. దీనికీ ఎథెల్ మల్వానీయే ఒక ఉపాయం వేసింది. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకు బొంతలు కుట్టి ఇస్తామని అడిగింది. దుప్పట్లే కదా, అధికారులు సరేనన్నారు. ఒక్కొక్కరికీ జానెడుకన్నా చిన్న గుడ్డముక్క, చదరంగా ఆరంగుళాలది ఇచ్చి, "మీ పేరు కుట్టండి. దాంతోపాటు మీ మనసులో ఉన్నదేదో కుట్టండి" అంది. పాత బట్టల్లోంచి లాగిన దారం, పిండిసంచుల గుడ్డ, ఎవరి దగ్గరో మిగిలిన ఒక సూది...

ఒక్కో బొంతకు 66 ముక్కలు. ఒకామె తానుంటున్న జైలు కొట్టునే కుట్టింది. ఒకామె ఇంటిదారి పట్టిన ఓడను కుట్టింది. ఆస్ట్రేలియా ఆమె కంగారూను, తన దేశం పటాన్ని కుట్టింది. చాలామంది తమ పెరటి పువ్వులు కుట్టారు. పైకి చూస్తే అన్నీ పూలూ బొమ్మలే. కానీ ఆస్పత్రి మంచం మీద ఆ బొంత కప్పుకున్న మగవాడు అందులో తన భార్య పేరు చూశాడంటే, అది ఎంత పెద్ద ఉత్తరమో ఆలోచించండి!

మొత్తం మూడు బొంతలు. బ్రిటిష్ గాయపడినవాళ్ళకొకటి, ఆస్ట్రేలియా గాయపడినవాళ్ళకొకటి. మూడోది... జపాన్ సైనికుల్లో గాయపడినవాళ్ళకు! తమను బంధించినవాళ్ళకు కూడా అదే 66 ముక్కల బొంత. అది లేకపోతే మిగతా రెండూ గేటు దాటనిచ్చేవారు కాదేమో, లౌక్యమే అనుకుందాం. కానీ దాని వెనకాల మీ బాధకు మా సానుభూతి అన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలు కుట్టారు. ఆ బొంతల వెనకాల ఇంకో మాట కూడా ఉంది. వీటిని నీళ్ళలో ఉతక్కుండా డ్రైక్లీనింగ్ చేయించడం మంచిదట! జైల్లో కూర్చుని కూడా గుడ్డ రంగు పోతుందేమోనని దిగులుపడ్డారు చూశారా, ఎంతైనా ఇల్లాళ్ళు!

పెద్దవాళ్ళకన్నా ముందే చిన్నపిల్లలు కూడా ఒక బొంత మొదలుపెట్టారు. ఎలిజబెత్ ఎన్నిస్ అనే నర్సు, ఎనిమిదేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు ఆడపిల్లలను ఇరవై మంది దాకా చేర్చి, వారానికోసారి జైలు ఆవరణలో ఒక మూల గైడ్స్ జట్టు నడిపేది. ఆవిడ పుట్టినరోజుకు ఇద్దామని ఆ పిల్లలు కాపలావాళ్ళ కంటపడకుండా ఆరుకోణాల ముక్కలతో పూలబొంత కుట్టారు. ప్రతి పువ్వు మధ్యలో ఒక పిల్ల పేరు. ఇవాళ అది లండన్ యుద్ధ మ్యూజియంలో ఉంది. పెద్దవాళ్ళవి రెండు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గర ఉన్నాయి.

చీకటి రోజులు

అన్నీ పాటలూ కుట్లూ అనుకుంటే పొరపాటే. ఇరుకులో తగాదాలు ఉండేవి. స్నానానికి, వరసకు, గరిటెడు అన్నానికి మాటామాటా పెరిగేది. ఎంత పెద్దింటి ఆడవాళ్ళైనా ఆకలి ముందు ఒకటే.

1943 అక్టోబర్ 10న జపాన్ రహస్య పోలీసులు క్యాంపు మీద పడ్డారు. రేవులో ఓడలు పేలిపోతే, ఆ కుట్ర జైల్లోనుంచే నడిచిందని వాళ్ళ అనుమానం. నిజానికి వీళ్ళకు దాంతో సంబంధమే లేదు. 57 మందిని తీసుకుపోయి చిత్రహింసలు పెట్టారు. 15 మంది చనిపోయారు. తీసుకెళ్ళినవాళ్ళలో క్యాంపు పత్రిక నడిపిన ఫ్రెడ్డీ బ్లూమ్, మన డాక్టర్ సిసిలీ కూడా ఉన్నారు. నెలల తరబడి మగవాళ్ళతో కలిపి బోనులాంటి గదుల్లో ఉంచారు. సిసిలీ బతికి బయటపడింది కానీ బెరిబెరి ఆవిడ పాదాల్లో స్పర్శ లేకుండా చేసింది.

1944 మేలో అందరినీ సైమ్ రోడ్ అనే చోటికి మార్చారు. తిండి ఇంకా తగ్గింది. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయి, సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం సింగపూర్ చేరేసరికి మూడున్నరేళ్ళు గడిచాయి. లోపలికి వెళ్ళినప్పుడు పాలుతాగే పిల్లలు బయటికొచ్చి నాన్న ముఖం కొత్తగా చూశారు.

ఎథెల్ ఒళ్ళూ మనసూ రెండూ చితికి కెనడా చేరింది. తర్వాత కూడా మనసు ఆమెను చాలా ఇబ్బంది పెట్టింది. అయినా 1946లోనే ఆ చిట్టాపుస్తకాలు పట్టుకుని ముద్రాపకుడి దగ్గరికి వెళ్ళింది. 'ప్రిజనర్స్ ఆఫ్ వార్ కుక్‌బుక్' అచ్చయింది. ఊరూరా తిరిగి 20,000 ప్రతుల దాకా అమ్మింది. వచ్చిన 18,000 డాలర్లు ఏం చేసిందనుకున్నారు? ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో ఇంకా కోలుకోని మాజీ ఖైదీలకు తిండి సామాను పంపింది. ఆకలి రాయించిన పుస్తకం ఆకలే తీర్చింది.

కంచెకు రెండో పక్క

ఇదంతా చదివి, జపాన్ వాళ్ళు చెడ్డవాళ్ళు, తెల్లవాళ్ళు పాపం అనేసుకుంటే కథ సగమే తెలిసినట్టు.

1941 డిసెంబరులో యుద్ధం మొదలవగానే సింగపూర్, మలయాల్లో ఉన్న జపాన్ జనాన్ని బ్రిటిష్ వాళ్ళు ఇలాగే పట్టుకున్నారు. కొట్లవాళ్ళు, క్షౌరశాలవాళ్ళు, ఫోటో స్టూడియోలవాళ్ళు, వాళ్ళ భార్యలు, పిల్లలు... రెండు వేలకు పైగా. వాళ్ళను ఎక్కడికి తెచ్చారో తెలుసా? మన ఢిల్లీకే! పురానా ఖిల్లాలో గుడారాలేసి ఉంచారు. ఢిల్లీ చలికీ వేసవికీ గుడారాల్లో పిల్లలతో ఆ తల్లులు పడ్డ పాట్లు వేరే చెప్పాలా? అక్కడే చాలామంది పోయారు. మిగిలినవాళ్ళను 1943లో రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి మార్చారు.

ఆ దేవ్‌లీ పేరు ఇరవై ఏళ్ళకు మళ్ళీ వినిపించింది. ఈసారి బంధించింది బ్రిటిష్ వాళ్ళు కాదు, మనమే. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. అస్సాం, బెంగాల్, షిల్లాంగ్, డార్జిలింగ్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న చైనా సంతతివాళ్ళను సుమారు 3,000 మందిని ఇళ్ళలోంచి తీసుకుపోయారు. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. చైనా ముఖం కూడా చూడనివాళ్ళు. అస్సామీ ఆడవాళ్ళను పెళ్ళాడినవాళ్ళు కూడా ఉన్నారు. వారంపాటు రైల్లో ప్రయాణం, చివరికి ఎడారి ఎండలో దేవ్‌లీ. యుద్ధం నెల రోజుల్లో ముగిసింది. వీళ్ళలో కొందరు మాత్రం 1967 దాకా అక్కడే ఉన్నారు! బయటికొచ్చి చూసుకుంటే చాలామందికి ఇల్లూ లేదు, కొట్టూ లేదు. క్యాంపులోనే పుట్టిన జాయ్ మా అనే ఆవిడ, దిలీప్ డిసౌజాతో కలిసి 2020లో ఆ కథలన్నీ పుస్తకంగా తెచ్చేదాకా మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇంకా మన తెలుగువాళ్ళ సంగతి ఉండనే ఉంది. చాంగీ గోడల బయట జపాన్ సైన్యం వేలాది చైనీయులను చంపింది. మలయా రబ్బరుతోటల్లో పనిచేసే మనవాళ్ళను, ఎక్కువగా తమిళులను, వారితోపాటు తెలుగువాళ్ళనూ, సయాం-బర్మా రైలుదారి పనికి తోలుకుపోయింది. అడవిలో కలరాకీ మలేరియాకీ ఎంతమంది ఆహుతయ్యారో! వాళ్ళకు చదువు రాదు, కాగితం లేదు. వాళ్ళ పేర్లు కుట్టిన బొంత ఏ మ్యూజియంలోనూ లేదు. దొరసానులు రాసుకున్నారు కాబట్టి ఇవాళ వాళ్ళ కథ నేను మీకు చెప్పగలిగాను. మనవాళ్ళ కథ చెప్పాలంటే నా దగ్గర గుండీల డబ్బా ఒకటే ఉంది.

అడగండి... రాయండి

ఇల్లాలి పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరని మనం ఎప్పుడూ అనుకుంటూనే ఉంటాం. "ఇంట్లో ఊరికే ఉంటుంది" అనే మాట వినని ఆడది ఎవరు? అన్నీ పోయి, ఇల్లు పోయి, హోదా పోయి, భర్త గోడకు అవతల ఉండిపోయిన రోజున ఆ వందలమందిని నిలబెట్టింది ఏమిటి? వంట గుర్తుండటం, సూదిలో దారం ఎక్కించడం రావడం, పసివాడికి పాలివ్వడం, పక్కవాళ్ళ పిల్లకు అక్షరాలు దిద్దించడం. "ఊరికే ఉండటం" అంటే ఇదేనన్నమాట!

విశాఖపట్నంలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అనే పేట ఉంది. బర్మానుంచి తిరిగొచ్చినవాళ్ళు కాపురాలు పెట్టుకున్న చోటు. అలాంటి పెద్దవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇంకా ఎందరిళ్ళలోనో ఉన్నారు. యుద్ధమే కానక్కర్లేదు. తుఫాను, కరువు, ఊరు వదిలి రావడం... మీ అత్తగారో, అమ్మమ్మగారో ఏదో ఒక కష్టాన్ని దాటే ఉంటారు. ఒక మధ్యాహ్నం పనులయ్యాక పక్కన కూర్చుని అడగండి. "ఏం జరిగిందండీ?" అని ఒక్కసారే అడిగితే, "ఏముందమ్మా, ఏదో జరిగిపోయింది" అంటారు. "ఆ రోజుల్లో ఏం వండుకునేవారండీ?" అని అడిగి చూడండి. కథంతా అందులోంచే వస్తుంది. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలున్నా చాలు, రాసిపెట్టండి.

మా నాయనమ్మను నేను అడగలేదు. అందుకే పిడికెడు బియ్యం డబ్బాలో వెయ్యడం దగ్గరే ఆవిడ కథ ఆగిపోయింది. మీ ఇంట్లో అలా ఆగిపోకుండా చూసుకోండి.